షికాగో 19వ వార్డులో చెత్త ఎవరు ఎత్తాలి?

షికాగో అంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది వివేకానందుడి ప్రసంగం. 1893 సెప్టెంబర్ 11న సర్వమత మహాసభలో ఆయన మాట్లాడింది మిషిగన్ అవెన్యూ మీద అప్పుడే కట్టిన భవనంలో. ఇప్పుడది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్లదలచుకున్నదీ చెప్పారు. కాబట్టి ఆ ప్రయాణంలో మనకూ కాస్త వాటా ఉందనుకుంటాం. అదే సమయంలో ఊరికి దక్షిణాన, సరస్సు ఒడ్డున ప్రపంచ ప్రదర్శన నడుస్తోంది. తెల్లటి భవనాలు, వేలకు వేలు కరెంటు దీపాలు, మొట్టమొదటి ఫెర్రిస్ వీల్. ఆరు నెలల్లో ఆ గేట్ల గుండా 2 కోట్ల 70 లక్షల సార్లు జనం లోపలికి వెళ్లారు.

మహాసభ జరిగిన హాలు నుంచి నైరుతి వైపు రెండు మైళ్లు కూడా నడవకముందే హాల్‌స్టెడ్ వీధి వస్తుంది. దాని చుట్టుపక్కలే 19వ వార్డు. అక్కడ వీధుల్లో చెత్త వేయడానికి రోడ్డుకు బిగించిన పెద్ద పెద్ద చెక్క పెట్టెలుండేవి. అవి నిండి పొర్లిపోయేవి. పిల్లలు వాటి మీదకెక్కి ఆడుకునేవారు. బండ్లవాళ్లు పారేసిన కుళ్లు పళ్లు, ఏరుకొచ్చిన పాత గుడ్డలు, గుర్రపు లద్దె, అప్పుడప్పుడు చచ్చిన జంతువులు కూడా అక్కడే. ఒకే ఊళ్లో, ఒకే ఏడాదిలో ఈ రెండూ ఎలా ఉన్నాయి? డబ్బున్నవాళ్లు, లేనివాళ్లు అని చెప్పేస్తే జవాబు సగమే అవుతుంది. మిగతా సగం ఊరి పనులు ఎవరి బాధ్యత అన్న దాంట్లో ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా నగరాల దగ్గర ఆ ప్రశ్నకు తేలిన జవాబు లేదు. ఆ ఖాళీలోకి రాజకీయ నాయకుడు, ఫ్యాక్టరీ యజమాని, కంపెనీ, చివరికి కొందరు ఆడవాళ్లు ఎలా వచ్చారో చూస్తే ఆ కాలం చాలావరకు అర్థమవుతుంది. ఈ ఒక్క వార్డును పట్టుకుంటే చాలు.

ముందు ఊరు పెరిగిన తీరు. 1840 జనాభా లెక్కల్లో షికాగోలో ఉన్నది 4,470 మంది. 1870కి దాదాపు 3 లక్షలు. 1871 అక్టోబర్‌లో నడిబొడ్డంతా తగలబడి సుమారు 300 మంది చనిపోయారు, లక్షమందికి నిలువనీడ లేకుండా పోయింది. అయినా పెరుగుదల ఆగలేదు. 1880లో 5 లక్షలు, 1890లో 11 లక్షలు. పడమటి మైదానాల గోధుమలు, ఉత్తరాది అడవుల కలప, లక్షల కొద్దీ పశువులు రైళ్లలో అక్కడికే చేరేవి, అక్కడి నుంచే తూర్పుకు వెళ్లేవి. పొలాల్లోకి యంత్రాలొచ్చి పల్లె కుర్రాళ్లు ఊరు వదిలారు. ఆవిరి ఓడల్లో టిక్కెట్ చవకై యూరప్ పేదలు సముద్రం దాటారు. 1890 నాటికి షికాగో జనంలో దాదాపు 41 శాతం వేరే దేశంలో పుట్టినవాళ్లే. దేశం మొత్తం మీద 1870లో నలుగురిలో ఒకరు పట్టణవాసి అయితే, 1900 నాటికి ఐదుగురిలో ఇద్దరయ్యారు.

జనం వచ్చారు సరే, ఊరిని నడిపేదెవరు? కాగితం మీద మేయర్, 34 వార్డులు, వార్డుకు ఇద్దరు చొప్పున 68 మంది ఆల్డర్‌మన్లు. ఆల్డర్‌మన్ అంటే మన కార్పొరేటర్ అనుకోండి. కానీ ఆ కౌన్సిల్ చేతిలో అన్నీ లేవు. పార్కులకు వేరే బోర్డులు, కౌంటీకి (మన జిల్లా లాంటిది) వేరే యంత్రాంగం, 1889 నుంచి మురుగునీటికి మరో ప్రత్యేక సంస్థ. ఒక పని మా పరిధిలోది కాదనడం అందరికీ తేలికే.

దీనికి తోడు ఖర్చు పంచే పద్ధతి ఒకటుంది. అసలు కిటుకంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఒక వీధికి రాళ్లు పరవాలన్నా, కాలువ వేయాలన్నా ఆ వీధిలో ఆస్తి ఉన్నవాళ్ల మీదే ప్రత్యేక పన్ను వేసి చేసేవారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, లాభపడేవాడే కడతాడు కదా అని. కానీ 19వ వార్డులో ఇంటి యజమాని ఎక్కడో మంచి పేటలో ఉంటాడు, కాపురం ఉండేది అద్దెవాళ్లు. రోడ్డు వేస్తే బిల్లు యజమానికి, సుఖం అద్దెవాళ్లకు. రోడ్డు వేయమని యజమాని ఎందుకడుగుతాడు? అద్దెవాళ్లు అడిగినా వినేదెవరు? అలా ధనికుల వీధులు బాగుపడుతూ పోయాయి, పేదల వీధులు బురదలోనే ఉండిపోయాయి. ఎవరూ కుట్ర పన్నక్కర్లేదు, లెక్కల పద్ధతే ఆ పని చేసింది.

వార్డులో ఎక్కువ భాగం చెక్క ఇళ్లు. ఒక్క కుటుంబం కోసం కట్టినవాటిలో మూడు నాలుగు కుటుంబాలు. వెనక గుర్రాల పాక, దాని పక్కనే మరుగుదొడ్డి. చాలా మరుగుదొడ్లకు వీధి కాలువతో సంబంధమే లేదు. 1894లో కేంద్ర కార్మిక శాఖ నాలుగు నగరాల మురికివాడలను సర్వే చేసింది. షికాగోలో చూసిన కుటుంబాల్లో స్నానాల గది ఉన్నవి నూటికి మూడు కూడా లేవు.

ఇలాంటి వార్డుకు 1888లో జానీ పవర్స్ ఆల్డర్‌మన్ అయ్యాడు. ఐర్లండ్‌లో పుట్టి, కిరాణా కొట్లో పనికి కుదిరి, తర్వాత సారా దుకాణం పెట్టి పైకొచ్చినవాడు. పత్రికలు అతణ్ని లంచగొండుల రాకుమారుడని వెక్కిరించేవి. వార్డులో మాత్రం అతను ఆపద్బాంధవుడు. ఎవరినైనా పోలీసులు పట్టుకెళ్తే జామీను ఇచ్చేవాడు. అద్దె కట్టలేకపోతే కట్టేవాడు. పెళ్లికి కానుక, పిల్లల సంబరానికి చందా, ఊరెళ్లేవాడికి రైలు పాసు. క్రిస్మస్‌కు టన్నుల కొద్దీ టర్కీ కోళ్లు, బాతులు పంచేవాడు. తన వార్డువాళ్లు 2,600 మంది సర్కారు జీతం మీద ఉన్నారని గొప్పగా చెప్పుకునేవాడు. అంతకు మించి, ఎవరింట్లో చావు జరిగినా వచ్చేవాడు, బండ్లు పంపేవాడు, ఖర్చు భరించేవాడు.

చావు ఖర్చు ఎందుకంత ముఖ్యమంటే, దిక్కులేని శవాన్ని కౌంటీ పాతిపెట్టడం ఆ పేదలకు భరించలేని అవమానం. ఆ వార్డులోనే ఉన్న హల్ హౌస్ అనే సేవాకేంద్రంలోని శిశు సంరక్షణ గదిలో ఎవరో వదిలేసి పోయిన పసిబిడ్డ చనిపోతే, నడిపేవాళ్లు కౌంటీకి కబురు పెట్టారు. చదువుకున్నవాళ్లు, ఎంతో సేవ చేస్తున్నవాళ్లు. వాళ్లకది మామూలు పని. చుట్టుపక్కలవాళ్లు నిర్ఘాంతపోయి, తలా కాస్త వేసుకుని ఆ బిడ్డకు మర్యాదగా అంత్యక్రియలు చేయడానికి ముందుకొచ్చారు. హల్ హౌస్‌ను స్థాపించిన జేన్ ఆడమ్స్ ఈ సంగతి 1898లో తానే రాశారు. పవర్స్‌కు తెలిసిందేమిటో, తమకు తెలియనిదేమిటో ఆమెకు అప్పుడు బోధపడింది.

కాబట్టి ఆ ఓటర్లు అమాయకులనో, అమ్ముడుపోయారనో అనడం తొందరపాటు. ఊరు వాళ్లకు ఇచ్చింది శూన్యం. పవర్స్ ఇచ్చింది కంటికి కనిపించేది. అతను వేరేచోట దోచుకున్నాడని పత్రికలు రాస్తే, దోచుకున్నదాంట్లో మాకు కొంత తెచ్చాడు కదా, మిగతావాళ్లు అదీ చేయరు అనుకున్నారు. ఇలాంటి లెక్క మన వార్డు ఎన్నికల్లో కూడా విననిది కాదు.

మరి ఆ టర్కీ కోళ్ల డబ్బు ఎక్కడిది? ఇక్కడికి చార్ల్స్ యర్కీస్ వస్తాడు. ఉత్తర, పడమటి షికాగోలో ట్రామ్ లైన్లు చాలావరకు అతని గుప్పిట్లో ఉండేవి. ట్రామ్ నడపాలంటే రోడ్డు మీద పట్టాలు వేయాలి, రోడ్డు కౌన్సిల్‌ది, అందుకు కౌన్సిల్ అనుమతి కావాలి. ఆ అనుమతి కోట్ల డాలర్ల విలువైంది. కౌన్సిల్ దాన్ని చౌకగా ఇచ్చేసేది, ఇచ్చినందుకు కొందరు సభ్యుల జేబులు నిండేవి. ఆర్థిక కమిటీలో పెద్ద తలకాయగా ఉన్న పవర్స్ యర్కీస్‌కు నమ్మిన బంటు. అంటే 19వ వార్డు కూలీ రోజూ టిక్కెట్‌కు ఇచ్చే 5 సెంట్లే యర్కీస్ దగ్గరకెళ్లి, లంచంగా పవర్స్ దగ్గరకొచ్చి, క్రిస్మస్‌కు కోడిగా అదే కూలీ ఇంటికి చేరేది. దారిలో చాలా తరిగిపోయి.

యర్కీస్ చేసిన ఒక పని మాత్రం చెప్పుకోవాలి. పేరు బాగుచేసుకోవడానికి షికాగో విశ్వవిద్యాలయానికి పెద్ద టెలిస్కోప్ కోసం డబ్బిచ్చాడు. 40 అంగుళాల కటకంతో 1897లో మొదలైన ఆ యర్కీస్ వేధశాలలోనే తర్వాత 1937 నుంచి మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పనిచేశారు. నక్షత్రాల లోతులు తెలిసిన చోటుకు పునాది ట్రామ్ టిక్కెట్ల డబ్బు.

రాజకీయం ఇలా కంపు కొడుతుంటే, కొందరు పెద్దమనుషులకు వేరే దారి తోచింది. ఊరిని వ్యాపారంలా నడిపితే పోలా అని. జార్జ్ పుల్‌మన్ రైళ్లలో పడక పెట్టెలు తయారుచేసి కోటీశ్వరుడైనవాడు. 1880 దశకం మొదట్లో షికాగోకు దక్షిణాన తన ఫ్యాక్టరీ చుట్టూ తనే ఒక ఊరు కట్టాడు. ఇటుక ఇళ్లు, గ్యాస్, కొళాయి నీళ్లు, పార్కు, లైబ్రరీ, థియేటర్, అన్నీ ఉన్నాయి. 19వ వార్డుతో పోలిస్తే స్వర్గమే. సారా దుకాణాలు లేవు, హోటల్లో బారు తప్ప. అది అతిథులకు.

లేనిదల్లా ఊరి నిర్వహణలో జనానికి మాట. అద్దె ఒప్పందం ప్రకారం పది రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు. ఇల్లు కొనుక్కునే వీల్లేదు. 1893లో బ్యాంకులు కూలి దేశం మాంద్యంలో పడింది. పుల్‌మన్ కూలి సగటున పావు వంతు కోశాడు, అద్దె మాత్రం ఒక్క సెంటు తగ్గించలేదు. యజమానీ అతనే, ఇంటి ఓనరూ అతనే, కాబట్టి జీతమిచ్చే చోటే అద్దె గురించి మాట వినిపించేది. అడగడానికి వెళ్లిన కార్మికుల్లో కొందరిని పనిలోంచి తీసేశారు. 1894 మే 11న సమ్మె మొదలైంది. యూజిన్ డెబ్స్ నాయకత్వంలోని రైల్వే సంఘం జూన్‌లో పుల్‌మన్ పెట్టెలున్న రైళ్లను బహిష్కరించడంతో షికాగోకు పడమటి వైపు చాలా రైళ్లు స్తంభించాయి. కేంద్రం సైన్యాన్ని దింపింది, మనుషులు చచ్చిపోయారు, డెబ్స్ జైలుకెళ్లాడు. 1898లో, షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఫ్యాక్టరీకి అక్కర్లేని ఊరి ఆస్తులు కంపెనీ అమ్మేయాల్సిందేనని తీర్పిచ్చింది.

పవర్స్‌ను, పుల్‌మన్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడు లంచగొండి, ఇంకొకడు మర్యాదస్తుడు. కానీ ఇద్దరి దగ్గరా మనిషికి దక్కేది ఇచ్చేవాడి ఇష్టం మీద ఆధారపడిందే. పైగా పవర్స్‌ను కనీసం ఓటుతో బెదిరించవచ్చు.

ఇక హల్ హౌస్. 1889 సెప్టెంబర్‌లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత బంగళా తీసుకుని అక్కడే కాపురం పెట్టారు. లండన్ పేదవాడలో చదువుకున్న యువకులు కాపురముంటున్న టాయిన్బీ హాల్ వాళ్లకు స్ఫూర్తి. మొదట్లో వాళ్ల ఆలోచన కాస్త పైనుంచి కిందికి చూసేదే. మంచి బొమ్మలు చూపిద్దాం, సాహిత్యం చదివిద్దాం అనుకున్నారు. చుట్టుపక్కలవాళ్లే వాళ్లకు చదువు చెప్పారు. మొదటి క్రిస్మస్‌కు పిల్లలకు మిఠాయిలు పంచబోతే కొందరు చిన్నపిల్లలు వద్దన్నారు. ఎందుకని అడిగితే, మేము మిఠాయి ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్నాం, వాటిని చూస్తేనే వెగటు అన్నారు. పండగ సీజన్ కదా, ఆరు వారాలు పొద్దున్న 7 నుంచి రాత్రి 9 దాకా పని.

అక్కడి నుంచి హల్ హౌస్ దారి మళ్లింది. పంచిపెట్టడం తగ్గి లెక్కపెట్టడం పెరిగింది. 1891 చివర్లో ఫ్లోరెన్స్ కెలీ వచ్చి చేరారు. ఆ వాడలో బట్టలు కుట్టే పని పెద్దది. పెద్ద దుకాణాలు గుడ్డ కత్తిరించి మధ్యవర్తికి ఇస్తాయి, అతను ఇళ్లలో, పాకల్లో పీసు లెక్కన కుట్టిస్తాడు. దుకాణానికి ఫ్యాక్టరీ లేదు, కాబట్టి బాధ్యతా లేదు. కెలీ బృందం ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలతో 1895లో రంగుల పటాలు అచ్చువేశారు. ఒక పటంలో ఏ ఇంట్లో ఏ దేశంవాళ్లున్నారో, 18 జాతుల లెక్క. ఇంకో పటంలో కుటుంబానికి వారం ఆదాయం. 5 డాలర్లు, అంతకు తక్కువైతే నల్ల రంగు. ఆ పటం చూశాక పేదరికానికి సోమరితనం కారణమని వాదించడం కష్టం, ఎందుకంటే నలుపు వీధుల వరుసన కనిపిస్తుంది.

1893లో ఇల్లినాయ్ ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లలకు ఫ్యాక్టరీ పని నిషేధం, ఆడవాళ్లకు 8 గంటల పని. దాని అమలుకు కెలీనే ముఖ్య తనిఖీ అధికారిగా నియమించింది గవర్నర్ ఆల్ట్‌గెల్డ్. మనం మే డే చేసుకోవడానికి మూలమైన 1886 నాటి 8 గంటల ఉద్యమం, కార్మికుల సభ దగ్గర బాంబు పేలిన హేమార్కెట్ ఘటన ఈ ఊళ్లోనివే. ఆ కేసులో ఉరిశిక్ష తప్పి జైల్లో మిగిలినవాళ్లను అదే 1893లో విడిచిపెట్టిందీ ఈ గవర్నరే. 1894 మశూచి రోజుల్లో కెలీ మనుషులు రోగి ఉన్న గదుల్లో కుడుతున్న కోట్లను పట్టుకున్నారు. అవి వెళ్లేది మంచి పేటల దుకాణాలకు. జబ్బుకు వార్డు సరిహద్దు లేదని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. అయితే 1895లో రాష్ట్ర సుప్రీంకోర్టు 8 గంటల నిబంధన కొట్టేసింది. పని ఒప్పందం చేసుకునే స్వేచ్ఛకు అది అడ్డమట.

ఇప్పుడు చెత్త సంగతి. 1894 వేసవిలో హల్ హౌస్ మహిళా సంఘంలోని పన్నెండుమంది ఇంటిపని ముగించుకుని సాయంత్రాలు సందులన్నీ తిరిగారు. రెండు నెలల్లో ఆరోగ్య శాఖకు వాళ్లు పంపిన, నిజమని తేలిన ఫిర్యాదులు 1,037. పెద్దగా కదలిక లేదు. వార్డులో చెత్త ఎత్తే కాంట్రాక్టు రాజకీయంగా ఎవరికో ఇచ్చే బహుమతి. అది సరిగా ఎత్తాడా లేదా చూడాల్సిన ఇన్‌స్పెక్టరూ అదే బాపతు. 1895 వసంతంలో ఆడమ్స్ స్వయంగా కాంట్రాక్టుకు టెండర్ వేశారు. ఏదో సాంకేతిక కారణం చూపి తోసేశారు. కానీ ఊరంతా చెప్పుకోవడంతో మేయర్ ఆమెను ఆ వార్డు చెత్త ఇన్‌స్పెక్టర్‌గా నియమించాడు. జీతం ఏడాదికి వెయ్యి డాలర్లు. తర్వాత 1931లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆమె జీవితంలో ఇది జీతం తీసుకున్న ప్రభుత్వోద్యోగం.

పొద్దున్న 6 గంటలకే లేచి చెత్త బండ్లు బయల్దేరాయో లేదో చూడటం, వాటి వెనకే డంపింగ్ చోటు దాకా వెళ్లడం పని. బండ్లు తొమ్మిది ఉండేవి. ఆమె పట్టుబట్టి పదమూడు చేయించారు, తర్వాత పదిహేడు. ఒక్కో బండి మీదా నష్టం వస్తోందని, ముందున్న ఇన్‌స్పెక్టర్ ఏడింటితోనే సరిపెట్టుకున్నాడని కాంట్రాక్టర్ మొరపెట్టుకున్నాడు. చచ్చిన జంతువులను ఎత్తే కాంట్రాక్టు వేరు, అతని వెంట పడటం ఇంకో పని. చెత్త పడేయనిస్తున్న, చెత్తపెట్టెలు పెట్టని ఇంటి యజమానులను కోర్టుకు లాగారు. చెత్త ఎత్తడం ఆడవాళ్లకు తగిన పనేనా అని చుట్టుపక్కల ఆడవాళ్లే మొదట ముఖం చిట్లించారు. రోగికి సేవ చేయడం ఆడవాళ్ల పనైతే, రోగం రాకుండా చూడటం ఎందుకు కాదని హల్ హౌస్‌వాళ్లు వాదించారు.

ఒక ఇరుకు సందులో తవ్వుతూ పోతే 18 అంగుళాల లోతున రాళ్లు పరచిన రోడ్డు బయటపడింది! అక్కడొక రోడ్డుందని ఆ సందువాళ్లకే తెలియదు. పాత రికార్డులు వెతికితే ఉంది. పైనున్న 8 అంగుళాల చెత్త తీయించాక, మిగతాది రోడ్ల శాఖ పని అని ఆడమ్స్ అన్నారు. రోడ్ల అధికారి మాది కాదన్నాడు. చివరికి మేయర్ స్వయంగా వచ్చి తేల్చాల్సి వచ్చింది. ఆ కాలపు నగరపాలన మొత్తం ఆ ఒక్క సందులో దొరుకుతుంది.

మరణాల రేటులో నగరంలో మూడో స్థానంలో ఉన్న వార్డు ఏడో స్థానానికి దిగింది. ఆ వార్త మహిళా సంఘంలో చెప్పినప్పుడు చప్పట్లు మోగాయి. ఆడమ్స్ తర్వాత ఆమె సహాయకురాలు అమాండా జాన్సన్ ఆ ఉద్యోగం చూశారు. పవర్స్ ఊరుకోలేదు. కౌన్సిల్ ఆ పదవినే తీసేసి, చెత్తను, రోడ్లను కలిపి వార్డు సూపరింటెండెంట్ అనే కొత్త పదవి పెట్టింది. దానికి మగవాళ్లే అర్హులు.

ఎన్నికల్లోనూ పవర్స్‌దే పైచేయి. 1896లో హల్ హౌస్ వర్గం అతని మీద ఒక తాపీమేస్త్రీని నిలబెట్టింది. మీలో ఒకడు, కష్టజీవి అని ప్రచారం. జనానికది నచ్చలేదు. షాంపేన్ తాగుతూ, చొక్కాకు వజ్రం పెట్టుకుని, పెద్దవాళ్లతో సమానంగా నిలబడగలవాడే తమ ప్రతినిధిగా ఉండాలనుకున్నారు. పనిబట్టల మనిషిని ఎన్నుకుని ఇంకోసారి చిన్నబోవడం వాళ్లకిష్టం లేదు. పెద్ద చదువులు చదివినవాళ్లు ఊహించలేకపోయింది ఇదే. 1898లో మళ్లీ ప్రయత్నించి మళ్లీ ఓడారు. మధ్యలో కొద్దికాలం తప్ప పవర్స్ 1927 దాకా ఆల్డర్‌మన్‌గానే ఉన్నాడు. ఈ ఎన్నికల్లో ఆడమ్స్‌కు ఓటే లేదన్నది గుర్తుంచుకోవాలి. ఇల్లినాయ్ ఆడవాళ్లకు 1891 నుంచి బడి ఎన్నికల్లో మాత్రమే ఓటుండేది, నగర ఎన్నికల్లో వచ్చింది 1913లో.

అయినా పవర్స్ కాళ్ల కింద నేల కొద్దికొద్దిగా కదిలింది. అది ఆ వార్డులో కాదు, బయట. 1896లో ఏర్పడ్డ పౌర ఓటర్ల సంఘం ఒకటి ప్రతి ఆల్డర్‌మన్ ఏ బిల్లుకు ఎటు ఓటేశాడో బయటపెట్టడం మొదలెట్టింది. 1898 డిసెంబర్‌లో యర్కీస్‌కు 50 ఏళ్ల అనుమతి ఇచ్చే ప్రతిపాదన వస్తే కౌన్సిల్ బయట కోపంతో జనం గుమిగూడారు, కొందరి చేతుల్లో ఉరితాళ్లు. అనుమతి వీగిపోయింది, యర్కీస్ తర్వాత లండన్‌కు మకాం మార్చాడు. హల్ హౌస్ దగ్గర్లోనే 1894లో నగరం తన మొదటి ఉచిత స్నానశాల తెరిచింది. 1899లో దేశంలోనే మొదటి బాలల కోర్టు ఈ కౌంటీలో మొదలైంది. ఇవేవీ ఎవరి సిఫార్సూ లేకుండా ఎవరైనా వాడుకోగలిగినవి.

ఈ సంస్కర్తలను దేవతలను చేయనక్కర్లేదు. వాళ్లలో చాలామందికి వలస పేదల ఓటంటే లోలోపల అనుమానమే. నగరాన్ని నిపుణుల చేతుల్లో పెట్టాలన్న మాటలో పేదల గొంతు తగ్గించాలన్న కోరిక కూడా కలిసేది. ఇక నల్లవాళ్ల గురించి ఈ కథలో ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1890లో షికాగోలో వాళ్లు 14 వేల పైచిలుకు. చాలా ఫ్యాక్టరీలు, సంఘాలు వాళ్లకు తలుపులు మూసేశాయి, సమ్మెలు విరగ్గొట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం పిలిచేవారు. 1893 ప్రదర్శనలో తమను ఎందుకు దూరం పెట్టారని ఐడా బి. వెల్స్, ఫ్రెడరిక్ డగ్లస్ వంటి నల్లజాతి నాయకులు చిన్న పుస్తకం అచ్చువేసి ఆ ప్రదర్శనలోనే పంచారు.

ఇక నీళ్లు. షికాగో మురుగంతా నదిలోకి, నది సరస్సులోకి, తాగే నీళ్లు అదే సరస్సు నుంచి. 1885లో పెద్ద వాన కురిసి మురుగు కలిసి 90 వేల మంది చనిపోయారని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తుంటారు. అది జరగలేదు. ఆ ఏడాది ఆగస్టులో కుంభవృష్టి కురిసిన మాట నిజం, అంత పెద్ద మహమ్మారి రాలేదన్నదీ నిజం. కానీ టైఫాయిడ్ మాత్రం ఏటా చంపుతూనే ఉంది. 1891లో ఒక్క ఆ జబ్బుతోనే సుమారు 2 వేల మంది పోయారు. సరస్సుకూ మిసిసిపీ నది వైపు పారే ఏళ్లకూ మధ్య మిట్ట చాలా తక్కువ ఎత్తు. దాన్ని సరస్సు మట్టం కంటే లోతుగా తవ్వితే నీళ్లు అటే పారతాయి. 1892లో తవ్వకం మొదలై 28 మైళ్ల కాలువ సిద్ధమైంది. తమ తాగునీళ్లలోకి షికాగో మురుగు వస్తుందని మిసిసిపీ దిగువన ఉన్న మిస్సోరి రాష్ట్రం కోర్టుకెళ్తుందేమోనన్న భయంతో, 1900 జనవరి 2న తెల్లవారుతుండగా చడీచప్పుడు లేకుండా గండి తెరిచి నదిని వెనక్కి తిప్పేశారు. మిస్సోరి కేసు వేయనే వేసింది. 1906లో ఓడింది.

ఇంత పెద్ద పని జరిగిన రెండేళ్లకు, 1902 వేసవిలో టైఫాయిడ్ విరుచుకుపడింది. జనాభాలో 36వ వంతు ఉన్న 19వ వార్డులోనే ఆ మరణాల్లో ఆరో వంతు. హల్ హౌస్‌లో ఉంటున్న డాక్టర్ ఆలిస్ హామిల్టన్ కాలువకు కలపని మరుగుదొడ్లను వెతికి, వాటి దగ్గరా వంటిళ్ల దగ్గరా ఈగలను పట్టి పరీక్షించారు. కొన్నింటిలో టైఫాయిడ్ క్రిములు దొరికాయి. ఆమె నివేదికకు మంచి పేరొచ్చింది, ఆరోగ్య శాఖలో విచారణ జరిగింది, తనిఖీలు గట్టిపడ్డాయి. తర్వాత ఆమెకు అసలు విషయం తెలిసింది. హాల్‌స్టెడ్ వీధికి దగ్గర్లోని పంపింగ్ స్టేషన్‌లో ఏదో పగిలి మురుగు తాగునీటి గొట్టాల్లోకి వెళ్లింది. కనుక్కునేలోపు మూడు రోజులు ఆ చుట్టుపక్కల జనం ఆ నీళ్లే తాగారు. ఆ మాట బయటికి చెప్పే ధైర్యం ఆరోగ్య శాఖకు లేకపోయిందని హామిల్టన్ 1943లో అచ్చయిన తన ఆత్మకథలో రాశారు.